రాజీనామా చేయకుండా పార్టీ మారిన ఎమ్మెల్యే మళ్లీ గెలుస్తాడా?

గోదారిగట్టు:
నా మాట సూటిగా చెబుతాను. పార్టీ మారాలనుకున్న ఎమ్మెల్యే ముందు రాజీనామా చేసి, కొత్త గుర్తు మీద గెలిచి రావాలి. లేదంటే అతని రాజకీయం అక్కడితో సరి. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ తరఫున గెలిచి, 2019 జూన్‌లో టీఆర్‌ఎస్‌లో కలిసిన 12 మందిలో 2023లో మళ్లీ గెలిచింది ఇద్దరే: మహేశ్వరంలో సబితా ఇంద్రారెడ్డి, ఎల్బీనగర్‌లో సుధీర్ రెడ్డి. ఆంధ్రలో 2014 తర్వాత వైసీపీ నుంచి టీడీపీకి 23 మంది వెళ్లారు. వాళ్లలో నలుగురికి 2017లో మంత్రి పదవులిచ్చారు. 2019లో ఆ నలుగురూ ఓడిపోయారు.

మానేరు:
లెక్క సరే, కారణం తప్పు. 2019లో టీడీపీకి మొత్తం వచ్చినవే 23 సీట్లు. పార్టీ మారనివాళ్లు ఓడలేదా? అంత ఎదురుగాలిలోనూ అద్దంకిలో గొట్టిపాటి రవికుమార్ గెలిచారు, ఆయనా మారినవారే. మీరు చెప్పిన మహేశ్వరం, ఎల్బీనగర్ రెండూ హైదరాబాద్ పక్కవే, 2023లో అక్కడ గాలి బీఆర్‌ఎస్‌ది.

పోనీ రాజీనామా చేసినవాళ్ల సంగతి చూద్దామా? ఈటల 2021లో రాజీనామా చేసి హుజూరాబాద్‌లో గెలిచారు, 2023లో అక్కడే ఓడారు. రాజగోపాల్ రెడ్డి 2022లో రాజీనామా చేసి మునుగోడు ఉప ఎన్నికలో ఓడారు. కాంగ్రెస్‌కు తిరిగొచ్చి 2023లో అదే సీటు గెలిచారు. ఇందులో జనం ఎవరికి శిక్ష వేసినట్టు?

చిన్నకారు:
రాజీనామా చేస్తే ఓడతాడు, చేయకపోతే ఓడతాడు. ఇంట్లో కూర్చుంటే గెలుస్తాడేమో.

పదోషెడ్యూల్:
రాజీనామా అదేదో ఎమ్మెల్యే చేతిలో పని అన్నట్టు ఇద్దరూ మాట్లాడుతున్నారు. కాదు. రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం అది ఇష్టపూర్వకమైనదే, నిజమైనదే అని స్పీకర్ నమ్మి ఆమోదించాలి. అప్పటిదాకా సీటు ఖాళీ కాదు. గంటా శ్రీనివాసరావు విశాఖ ఉక్కు కోసం 2021 ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు, అది 2024 జనవరిలో ఆమోదం పొందింది. అప్పటికి ఎన్నికలే ముంగిట్లో ఉన్నాయి. సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలి, కానీ మిగిలిన గడువు ఏడాదిలోపు ఉంటే అక్కర్లేదు. కాబట్టి ఆమోదం ఆలస్యమైతే ఉప ఎన్నికే ఉండదు. ఇదే దారి తిరగేసి కూడా వాడారు. 2014లో సనత్‌నగర్‌లో టీడీపీ తరఫున గెలిచిన తలసాని రాజీనామా లేఖ ఇచ్చి టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రయ్యారు. లేఖ స్పీకర్ దగ్గరే ఉండిపోయింది.

పార్టీ మారినందుకు సభ్యత్వం పోయే అనర్హత అంటే ఏదో ఉరిశిక్ష అనుకోవద్దు. అనర్హుడైనా ఉప ఎన్నికలో మళ్లీ పోటీ చేయొచ్చు. ఇన్నేళ్లు నిలబడకూడదని గడువు పెట్టే అధికారం స్పీకర్‌కు లేదని కర్ణాటక కేసులో 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అసలు దెబ్బ రాజ్యాంగంలోని 164(1బి) అధికరణ: మళ్లీ గెలిచేదాకా, లేదా ఆ పదవీకాలం ముగిసేదాకా మంత్రి కాలేడు. ఆంధ్రలో 2024 ఫిబ్రవరి చివర్లో ఎనిమిది మందిని అనర్హులను చేశారు, వైసీపీ వాళ్లు నలుగురు, టీడీపీ వాళ్లు నలుగురు. ఎన్నికల ముందు ఆ వేటుతో ఎవరికి ఏం పోయింది?

గోదారిగట్టు:
చట్టం బాగానే చదివారు. మరి 12 మంది విలీనం ఎలా చెల్లింది? కాంగ్రెస్ గెలిచింది 19. విలీనమని అనర్హత తప్పించుకోవాలంటే మూడింట రెండు వంతులు, అంటే 13 కావాలి. 12తో సరిపెట్టారు.

పదోషెడ్యూల్:
ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి హుజూర్‌నగర్ వదిలేశారు. మిగిలింది 18. పద్దెనిమిదికి 12 సరిగ్గా సరిపోయింది. మరుసటి రోజే విలీనం.

గోదారిగట్టు:
సరిపోలేదు. ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో ఉన్న పదో షెడ్యూల్, నాలుగో పేరా మొదటి భాగంలో మూల పార్టీ విలీనం కావాలని ఉంది. కాంగ్రెస్ టీఆర్‌ఎస్‌లో కలిసిందా?

పదోషెడ్యూల్:
రెండో భాగం కూడా చదవండి సార్. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే విలీనం జరిగినట్టే భావించాలి. 2003 దాకా మూడో వంతు విడిపోయినా చాలేది, 91వ సవరణ ఆ పేరాను తీసేసింది. అందుకే ఇప్పుడు అందరూ ఈ లెక్క దగ్గరే ఆగుతున్నారు. 2023లో బీఆర్‌ఎస్ గెలిచింది 39, అంటే 26 మంది కావాలి. కాంగ్రెస్‌లోకి వెళ్లారంటున్న పది మందితో విలీనం కుదరదు. కాబట్టి ‘నేను పార్టీ మారలేదు’ అనడం ఒక్కటే దారి. ఈ కేసుల్లో మామూలుగా వినిపించే జవాబు, నియోజకవర్గం పనుల కోసం సీఎంను కలిశానని. కానీ రాజీనామా ఇవ్వకపోయినా నడవడికను బట్టి పార్టీ వదిలినట్టు తేల్చవచ్చని రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. దానం నాగేందర్ అయితే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ గుర్తు మీద పోటీ చేశారు. అక్కడ కండువా ఏ రంగు అని వెతకక్కర్లేదు. మూడు నెలల్లో తేల్చండని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి రావడమే ఈ చట్టం బలహీనత.

గోదారిగట్టు:
నేను అడిగిందానికి జవాబు రాలేదు. మొదటి భాగం.

మానేరు:
మొదటి భాగం, రెండో భాగం! ఎమ్మెల్యే ఎందుకు మారతాడో ఒక్కరూ అనరేం? ప్రతిపక్ష ఎమ్మెల్యే గెలిచిన చోట ఓడిపోయిన అధికార పార్టీ ఇన్‌ఛార్జి మాటే నడుస్తుంది. ఎస్సై బదిలీ, ఇళ్ల జాబితా, సీఎం సహాయనిధి చెక్కుల పంపిణీ అన్నీ అతని దగ్గరే. గెలిచినవాడు లెటర్‌హెడ్ మీద సంతకాలు పెట్టుకుంటూ కూర్చోవాలి. రెండేళ్లు అలా గడిస్తే కార్యకర్తలే ‘పోదాం పదన్నా’ అంటారు. మీకు పుస్తకంలో ఇది కనపడదు.

గోదారిగట్టు:
అంటే ప్రతిపక్షానికి ఓటేసిన ఊరికి రోడ్డు రాదు, కాబట్టి వాళ్ల ఓటును తీసుకెళ్లి అవతలివాడికి అప్పజెప్పాలి. ఇదేనా మీ న్యాయం? అడగాల్సింది ఆ ఇన్‌ఛార్జి ఏ హోదాలో సమీక్షలో కూర్చుంటున్నాడని. ఎమ్మెల్యేకు సభలో ప్రశ్న వేసే హక్కుంది, వేయమనండి.

మానేరు:
ప్రశ్న వేస్తే జవాబొస్తుంది. రోడ్డు రాదు.

చిన్నకారు:
మారినవాళ్ల ఊళ్లకైనా రోడ్డు వచ్చిందా? ఆ లెక్క ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండి.

పదోషెడ్యూల్:
గోదారిగట్టు గారూ, నాలుగో పేరా రెండో భాగంలో ‘అప్పుడు మాత్రమే’ అని కూడా ఉంది. అది మీ వాదనకే పనికొస్తుంది, ఒకసారి చూడండి.