గొడ్డుకి కడుపుబ్బితే వంటసోడా పట్టాలా, వద్దా?

పర్లాకిమిడి కోడలు:
మా వీధిలో పెళ్ళి భోజనాలయ్యాక మిగిలిన అన్నం పెరట్లో పారబోశారు. పక్కింటి గేదె మొత్తం తినేసింది. తెల్లారేసరికి మేత ముట్టలేదు, పేడ పల్చగా, పుల్లకంపు. మా మావయ్యగారు సోడా కలిపి పట్టమన్నారు. పాతపట్నం నుంచి వచ్చిన చుట్టం సోడా పడితే పొట్ట పగులుతుంది, నూనె పట్టమన్నాడు. డాక్టరుగారు వచ్చి చూశారు, గేదె కోలుకుంటోంది. ఇంట్లో గొడవ మాత్రం ఇంకా నడుస్తోంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

వంశధార గట్టు:
సోడాయే. ఇందులో అడగడానికేటుంది? మా తాతల కాడ్నుంచి అదే పడుతున్నాం. గొడ్డు ఉబ్బినా సోడా, నెమరెయ్యకపోయినా సోడా. కొట్లో అమ్మే సీసాలన్నీ డబ్బులు గుంజడానికే.

గుణుపురం మందులకొట్టు:
సోడా పట్టి పట్టి, గొడ్డు కాళ్ళు చాపేశాక మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు బాబాయ్. ఉబ్బరానికి సిమెథికోన్ మందుంది. సీసా మూత తీసి పట్టడమే. 2026లో కూడా వంటసోడా ఏంటి?

కాశీనగర్ కుర్రోడు:
మా ఇంట్లో వాము, ఇంగువ, బెల్లం. ఎప్పుడూ తప్పలేదు.

భువనేశ్వర్‌లో పశువైద్యం:
ఏం తిందో అడక్కుండా ఏం పట్టాలో చెప్పలేం. అక్కగారు అడిగిన గేదెది అన్నం తిన్న కేసు. పెద్దపొట్టలో పులుపు మామూలుగా 6 నుంచి 7 పీహెచ్ మధ్య ఉంటుంది, ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. అన్నం, నూకలు ఒక్కసారి ఎక్కువ పడితే లాక్టిక్ ఆమ్లం ఊరి 5.5 కంటే కిందికి పోతుంది. పుల్లటి పేడ, మేత మానేయడం, కూలబడడం దాని గుర్తులే. అక్కడ సోడా పనికొస్తుంది, మావయ్యగారి మాట నిజం. కానీ మోతాదు గొడ్డు బరువును బట్టి ఉండాలి, పొట్ట బిగిసి ఉండకూడదు.

ఇక కోతలయ్యాక తెల్లారగట్ల మంచుతో తడిసిన పెసర చేలో పడి మేసి ఉబ్బిందనుకోండి, అది వేరే జబ్బు. పొట్టలో గాలి నురగలో చిక్కుకుంటుంది. సిమెథికోన్ ఆ బుడగల్ని పగలగొడుతుంది. మందు దొరక్కపోతే పావు లీటరు వేరుశనగ నూనో నువ్వుల నూనో కూడా అదే పని చేస్తుంది. అక్కడ సోడా పడితే, పొట్టలో పులుపు తగిలి ఇంకా గాలి పుడుతుంది.

వంశధార గట్టు:
గాలి పుడతాదంటావు. మడిసి సోడా తాగితే తేనుపొచ్చి గాలి పోతాది కదా? గొడ్డుకి తేనుపు రాదా ఏటి?

భువనేశ్వర్‌లో పశువైద్యం:
వస్తుంది బాబాయ్. రోజంతా తేన్చుతూనే ఉంటుంది. నురగ పట్టినప్పుడు మాత్రం రాదు, గాలి విడిగా ఉంటేనే గొంతులోకి వస్తుంది. అందుకే గొట్టం వేసినా నురగ ఉబ్బరం దిగదు.

వంశధార గట్టు:
సరే, గొడ్డు చొంగలోనే సోడా ఉంటాదని టీవీలో ఓ డాక్టరు సెప్పాడు. ఒంట్లో ఉన్నదే మళ్ళీ పడితే తప్పేటి?

భువనేశ్వర్‌లో పశువైద్యం:
నిజమే, పాడి ఆవుకి రోజుకి 100 లీటర్లకు పైనే చొంగ ఊరుతుంది, అందులో బైకార్బనేట్, అంటే వంటసోడాలో ఉండేదే, ఉంటుంది. నోట్లో అడ్డంగా వేపకర్ర కట్టడం అందుకే మంచిది, చొంగ ఊరుతూ నెమ్మదిగా పోతుంది. మీరు పోసేది ఒక్కసారిగా గుప్పెడు. తేడా అక్కడే.

వంశధార గట్టు:
తేనుపు సంగతి నువ్వింకా సెప్పలేదు.

పర్లాకిమిడి కోడలు:
చెప్పారు కదా బాబాయ్!

సాలూరు సంత:
నాకు తెలిసిన ఇంట్లో సోడా వల్లే గొడ్డు పోయింది. యూరియా బస్తా చింపుకుని తిన్న ఎద్దు, వణుకుతూ నోట నురగ. ఎవరో సోడా పట్టమన్నారు.

భువనేశ్వర్‌లో పశువైద్యం:
సోడా వల్లే పోయిందని చెప్పలేం, యూరియాయే చంపేస్తుంది. కానీ అక్కడ సోడా పూర్తిగా తిరగబడే మందు. యూరియా పొట్టలో అమ్మోనియా అవుతుంది, పొట్ట క్షారమైపోతుంది, అంటే పులుపుకి ఎదురు. దానికి చల్లటి నీళ్ళతో వెనిగర్, అదీ లీటర్ల లెక్కన పట్టాలి. అరగంటలోపే వణుకు మొదలవ్వచ్చు, ఫోన్ ముందు చెయ్యండి. అన్నం తిన్నదానికి, యూరియా తిన్నదానికి చూడ్డానికి పొట్ట ఒకేలా ఉబ్బి ఉంటుంది, వాడాల్సినవి మాత్రం ఎదురెదురు మందులు.

ఇంకోటి, నాలుక బయటికి లాగి, తల పైకెత్తి పట్టద్దు. పొలమారితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనెలో టర్పెంటైన్ కలిపితే పాలకి ఆ వాసన పడుతుంది, ఇళ్ళకు పోసేవాళ్ళు గుర్తుంచుకోండి.

గుణుపురం మందులకొట్టు:
అదే నేనూ అంటున్నా. తెలిసినవాళ్ళని అడగకుండా చదువూ సంధ్యా లేనివాళ్ళు సొంత వైద్యం చేస్తే ఇంతే.

వంశధార గట్టు:
ఎవులికి చదువు లేదంటున్నావు? నాకు లేదు, నిజమే. మరి నీ చదువేటి సెప్పు. మందుల పేరు సదివి అమ్మడమే కదా! మీ వీధి కొట్లలో ఒక్క సీసా అడిగితే ఎప్పుడైనా ఇచ్చారా? "సెట్టు తీసుకోండి" అంటారు. ఉబ్బరం సీసా, దాంతో యాంటిబయాటిక్ బిళ్ళలు, ఆకలి పొడి, టానిక్. ఆ బిళ్ళలు పట్టితే నెమరేసే పొట్టలో పురుగులు సచ్చిపోవా? ఈ చదువుకున్న బాబుని అడుగు.

భువనేశ్వర్‌లో పశువైద్యం:
పెద్దపొట్టలో మేత అరిగేది సూక్ష్మజీవుల వల్లే. నోటితో యాంటిబయాటిక్ ఇస్తే అవి దెబ్బతింటాయి. ఉత్త నురగ ఉబ్బరానికి అది అక్కర్లేదు. ఈ విషయంలో బాబాయ్ మాట నిజం.

కాశీనగర్ కుర్రోడు:
హమ్మయ్య, బాబాయ్ ఒకటి గెలిచాడు.

గుణుపురం మందులకొట్టు:
సెట్టు ఎందుకమ్ముతున్నారో ఎవరూ అడగరు. రాత్రి పదకొండింటికి తలుపు కొడతారు. "గొడ్డు పోతోంది బావూ, రేపు డబ్బిస్తా" అంటారు. బతికితే ఇస్తారు. చచ్చిపోతే "నీ మందు పని చెయ్యలేదు" అని ఎగ్గొడతారు. నా పుస్తకంలో ఎన్ని పేర్లున్నాయో తెలుసా? ఆ నష్టం ఎక్కడో ఒకచోట కలపకపోతే కొట్టు మూసుకోవాలి.

వంశధార గట్టు:
ఆ మాట ముందే అనొచ్చు కదా. పోనేడు మా ఎద్దు ఉబ్బినప్పుడు అటుపక్క ఆంధ్రా డాక్టరుకి ఫోన్ చేస్తే మీది ఒడిశా అన్నారు. ఇటుపక్క ఫోన్ చేస్తే తెల్లారి వస్తామన్నారు. కొట్టుకెళ్తే సెట్టుకి డబ్బుంటేనే అన్నారు. ఎవరో తెలిసినోడు కత్తితో కుడిపక్క పొడిచాడు. పోయింది. అప్పుడు నా ఇంట్లో ఉన్నది వంటసోడా ఒక్కటే. ఇంకేటి పట్టమంటావు?

పర్లాకిమిడి కోడలు:
కుడిపక్క పొడిచారా?

భువనేశ్వర్‌లో పశువైద్యం:
పెద్దపొట్ట ఎడమ డొక్కలో ఉంటుంది. అక్కడ ట్రోకార్‌తో, అంటే గాలి తీసే గొట్టమున్న మొనదేలిన పరికరంతో, గుచ్చాల్సి వచ్చినా చివరి దారిగా, చెయ్యి తిరిగినవాళ్ళే చెయ్యాలి. లేకపోతే కడుపులో చీము పడుతుంది. బాబాయ్, మీ ఎద్దు పోవడం మీ తప్పు కాదు. సోడా గురించి మాత్రం నా మాట మార్చుకోను.

వంశధార గట్టు:
నువ్వు మార్చుకోకు, నేనూ మార్చుకోను. అన్నం తిన్నదానికైతే పనికొస్తాదని నువ్వే సెప్పావు.

గుణుపురం మందులకొట్టు:
ఒక్క సీసాయే కావాలంటే అమ్ముతాం బాబాయ్. ఉబ్బరం సీసా ఇంట్లో ముందే పెట్టుకోండి, పెసర చేలు కోసే నెలలో. మాకు రాత్రి తలుపు తట్టే బాధా తప్పుతుంది.

వంశధార గట్టు:
అప్పుకా, డబ్బుకా?

గుణుపురం మందులకొట్టు:
డబ్బుకి.

సాలూరు సంత:
ఆ మాత్రం చెప్పడానికి ఇంత గొడవా? సీసా ఎంతో కూడా ఇక్కడే రాసెయ్యి తమ్ముడూ, మాకూ తెలుస్తుంది.