‘బ్రాడ్ సెన్స్’ అని ఎలా రాయాలి?

ప్రశ్న (అనంతపురం):
మా ఊరి శెనక్కాయ రైతుల మీద ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్ట్ రాస్తున్నా. ‘ఫార్మర్’ అన్నచోట కౌలుకు చేసేవాళ్లనూ, కాయలు ఒలిచే కూలీలనూ కలిపి, ‘ఇన్ బ్రాడ్ సెన్స్ ఆఫ్ వర్డ్’ (ఆ మాటను విశాలమైన అర్థంలో తీసుకుంటే) అని రాశా. మా సార్ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. తప్పెక్కడో తెలియట్లేదు, సోమవారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కడప):
తమ్ముడూ, రెండు ‘ద’లు ఎగిరిపోయాయి. ‘ఇన్ ద బ్రాడ్ సెన్స్ ఆఫ్ ద వర్డ్’ అనాలి. తెలుగులో ఆ ముక్క లేదు కాబట్టి మన చేయి దాన్ని దాటేస్తుంది. నేను దిద్దే పేపర్లలో రోజూ ఇదే. ‘బ్రాడ్’ బదులు ‘బ్రాడెస్ట్’ అని కూడా రాస్తారు, అంటే ఆ మాట ఎంత సాగితే అంత దూరం; నీకు అంత అక్కర్లేదు. ‘మైగ్రెంట్ లేబర్’ లాంటి జంటమాటకైతే ‘వర్డ్’ బదులు ‘టర్మ్’ నప్పుతుంది. ‘బ్రాడ్లీ స్పీకింగ్’ వేరు, అది ‘మొత్తమ్మీద చూస్తే’ అని.

జవాబు (కర్నూలు):
‘బ్రాడ్ సెన్స్’ అని పెట్టి వదిలేయొద్దు. ఎవరెవరిని కలిపావో పక్కనే రాయి. కాయలు ఒలిచే ఆమెను రైతు అని ఎందుకన్నావో చదివేవాళ్లకు తెలియాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
రెండూ సరిచేశా అక్కా, అన్నా. మా అమ్మ కూడా కాయలు ఒలుస్తుంది. అందుకే ఆ మాట వదలబుద్ధి కాలేదు.