రెండేళ్ల పాపకి వినపడటం లేదని తేలింది, ముందు ఎక్కడికి వెళ్లాలి?

నరసరావుపేట_అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాపకి రెండేళ్లు దాటాయి. వెనకనుంచి పిలిస్తే తిరగదు, పక్కనే కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడదు. మా అత్తగారేమో "వాళ్ల నాన్న కూడా మూడేళ్లకి గానీ నోరు విప్పలేదు, వస పోస్తే అదే మాట్లాడుతుంది" అంటూ ఇన్నాళ్లూ ఆపారు. నాకు మనసొప్పక గుంటూరులో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపిస్తే బెరా టెస్ట్ (శబ్దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసేది) రాశారు. రెండు చెవులూ ప్రొఫౌండ్, అంటే చాలా తీవ్రమైన చెవుడు అని రిపోర్ట్ వచ్చింది. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) వేయించాలి, లక్షల్లో అవుతుంది అన్నారు. టెస్ట్ చేసిన చోటే చెవి మెషిన్లు (హియరింగ్ ఎయిడ్లు) కూడా అమ్ముతున్నారు, ఈ రోజే జత తీసుకోండి, రేపటికి ఈ ఆఫర్ ఉండదని ఒకటే ఒత్తిడి. ఏమీ కొనకుండా వచ్చేశాం.

మాది రేషన్ కార్డు ఉన్న కుటుంబం, మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో చేస్తారు. ఆరోగ్యశ్రీలో అవుతుందా? సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ముందా, ఆపరేషన్ ముందా? థెరపీ అంటున్నారు, అదేంటో, ఎక్కడ చేస్తారో తెలియదు. ఇంకోటి, మాది మేనరికం. దానివల్లే అని, అదీ నావల్లే అని చుట్టాలందరూ నన్నే అంటున్నారు. రాత్రి నిద్ర పట్టడం లేదు.

బోయిన్‌పల్లి_మమ్మీ:

అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి. పుట్టు చెవుడు మేనరికాల్లో ఎక్కువ కనపడేది నిజమే. కానీ అలా వచ్చే రకంలో చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ కలిస్తేనే వస్తుంది. నీ ఒక్కదాని వల్ల వచ్చేది కాదు, ఎవరన్నా అంటే ఈ ముక్క మొహాన చెప్పు. మేనరికం లేని ఇళ్లలో కూడా పుడుతున్నారు, మా బాబు అలాగే పుట్టాడు, వాడికి ఇంప్లాంట్ అయింది, ఇప్పుడు స్కూల్‌కి వెళ్తున్నాడు.

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ అని ఉంది, అక్కడ వినికిడి, మాట లోపాలకి పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వాళ్ల రీజినల్ సెంటర్ ఉంది. కేంద్ర ప్రభుత్వానిది, మెయిన్ ఆఫీసు ముంబైలో. వినికిడి టెస్టులు, హియరింగ్ ఎయిడ్లు, స్పీచ్ థెరపీ అన్నీ ఒకే ఆవరణలో, బయటితో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి అడిప్ స్కీం (వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం) కింద మెషిన్లు ఉచితంగా ఇస్తారు, కాక్లియర్ ఇంప్లాంట్‌కి కూడా అదే స్కీంలో దరఖాస్తు చేయొచ్చు. కాకపోతే పుట్టుకతో వినపడని పిల్లలకి అయిదేళ్ల లోపే, అందుకని రేపు మాపు అని లాగొద్దు. ఆధార్, ఆదాయం సర్టిఫికెట్, బెరా రిపోర్ట్, ఫొటోలు పట్టుకెళ్లండి, అన్నిటికీ జిరాక్సులు ఎక్కువే పెట్టుకోండి, అక్కడ అడుగడుగునా అడుగుతారు.

ఆరోగ్యశ్రీ (మీ ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) లో కూడా ఇంప్లాంట్ ఉంది. ఏ ఆసుపత్రిలో చేస్తున్నారు, మీ పాప వయసుకి వస్తుందా లేదా అనేది 104కి ఫోన్ చేసి అడగండి, లేదా ఆ ఆసుపత్రి కౌంటర్‌లో ఉండే మిత్రతో (ఈ పథకం పనులు చూసే సిబ్బంది) నేరుగా మాట్లాడండి. రెండు దారులూ ఒకేసారి కదపండి, ఏది ముందు తగిలితే అది.

హియరింగ్_క్లినిక్ (ఆడియాలజిస్ట్‌ని):

పై మేడమ్ చెప్పింది సరైనదే, నేను వృత్తిపరంగా కొంచెం కలుపుతాను. ఆపరేషన్ తేదీ వచ్చేదాకా పాపని ఖాళీగా ఉంచకండి. హియరింగ్ ఎయిడ్లు ఇప్పుడే పెట్టాలి. ప్రొఫౌండ్ అంటే 90 డెసిబెల్స్ పైన, మెషిన్‌తో మాటలన్నీ స్పష్టంగా వినపడకపోవచ్చు, అయినా శబ్దం అనేదొకటి ఉందని మెదడుకి అలవాటవ్వాలి. పైగా ఇంప్లాంట్‌కి ముందు కొన్నాళ్లు ఎయిడ్ పెట్టి ఎంత ఉపయోగం ఉందో చూస్తారు. ఆ టైమ్ ఎటూ గడవాల్సిందే, ఈ రోజే మొదలుపెడితే పోయేదేముంది?

ఈ రోజే కొనండి అనేవాళ్ల దగ్గర కొనకపోవడం మంచిదైంది. టెస్ట్ చేసినవారి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. చెవిలో పెట్టే మౌల్డ్ పాప చెవి కొలతకే చేయించాలి. పిల్లల చెవి పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి కొత్తది కావాలి, వదులైతే కూ అని ఒకటే కూత. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

థెరపీ అంటే ఏదో ఇంజెక్షన్ లాంటిది కాదండి. మొదట్లో చేసేది చాలా మామూలుగా ఉంటుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఒక్కోటి పలుకుతాం, వినపడగానే పాప ఒక ప్లాస్టిక్ రింగు గిన్నెలో వేయాలి. పెదాలు చూసి కాకుండా చెవితో పట్టుకోవడం నేర్పించే పని. ఇది రోజూ ఇంట్లో మీరు కూడా చేయాలి. వారానికి ఒక గంట మా దగ్గర, మిగతాదంతా మీ వంటింట్లోనే. ఇంప్లాంట్ అయినా అంతే. ఆపరేషన్ కుట్లు మానాక కొన్ని వారాలకి స్విచ్ ఆన్ చేస్తారు, ఆ తర్వాత మ్యాపింగ్ (పాపకి తగ్గట్టు పరికరంలో శబ్దం స్థాయిలు సరిచేయడం), మళ్లీ థెరపీ, ఏళ్ల తరబడి సాగుతుంది. మెషిన్ వేయించి థెరపీ మానేసిన పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నరసరావుపేట నుంచి ప్రతి వారం సికింద్రాబాద్ అంటే కష్టం. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) కింద జిల్లాల్లో డీఈఐసీ అని, లోపాలను ముందే గుర్తించి సాయం చేసే చిన్నపిల్లల కేంద్రాలు నడుస్తాయి, మీకు దగ్గరిది ఏదో అంగన్‌వాడీ టీచర్‌ని గానీ ఆశా కార్యకర్తని గానీ అడగండి. కాస్త పెద్దయ్యాక మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రాలు కూడా పనికొస్తాయి.

సత్తెనపల్లి_బాబాయ్:

వస సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దావిడతో గొడవ పెట్టుకోకండి, కాకపోతే చెవిలో మాత్రం నూనెలు, పసర్లు ఏవీ పోయనివ్వొద్దు. చెవుడు లోపల నరం దగ్గరో, నత్తలాగా ఉండే ఆ కాక్లియా దగ్గరో ఉంటే పైన పోసిన నూనె ఏం చేస్తుంది, ఉన్న చెవి కూడా చీము పడుతుంది.

సదరం ఆపరేషన్‌కి అడ్డు కాదు. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసి పక్కన పెట్టండి, దాంతో యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) వస్తుంది, రేపు స్కూల్లో, పెన్షన్ దగ్గర అదే అడుగుతారు.

నేనూ_వినను:

నేను పుట్టుకతో డెఫ్. మూడో వ్యక్తి గురించి మాట్లాడుతున్నట్టు ఉంది ఈ చర్చంతా, అందుకే రాస్తున్నా. ఇంప్లాంట్ వద్దనను, అది మీ ఇష్టం. కానీ ఆపరేషన్, స్విచ్ ఆన్, థెరపీ అని ఏళ్లు గడుస్తుంటే ఈలోగా మీ పాపకి ఆకలేస్తే, భయమేస్తే, కల వస్తే మీకు ఎలా చెప్తుంది? మాట వచ్చేదాకా భాష లేకుండా ఉంచడం నాకు నచ్చదు. చేతులతో ఇప్పుడే మొదలుపెట్టండి. సైన్ (చేతి సంజ్ఞల భాష) నేర్పితే మాట రాదని కొందరు భయపెడతారు, అది తప్పు.

ఢిల్లీలో ఐఎస్ఎల్ఆర్‌టీసీ అని భారతీయ సంజ్ఞా భాషా సంస్థ ఉంది, వాళ్ల డిక్షనరీలో 10,000 పదాలు వీడియోలతో ఉచితంగా ఉన్నాయి. పీఎం ఈ-విద్య అనే ప్రభుత్వ చదువుల టీవీ ఛానెళ్లలో 31వది మొత్తం సైన్‌దే. అమ్మా నాన్నా కలిసి రోజుకి నాలుగు గుర్తులు నేర్చుకోండి, పాప మీకంటే ముందు పోతుంది. ముందు ముందు చదువుకి తిరుపతిలో టీటీడీ వాళ్ల బధిర పాఠశాల ఉంది, హైదరాబాద్ మలక్‌పేటలో ప్రభుత్వ పాఠశాల ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాకు 1 శాతం కోటా ఉంది. నేను దాని మీదే చేరాను, జీతం మీ అందరిలాగే ఒకటో తారీఖున పడుతుంది.

నరసరావుపేట_అమ్మ:

అందరికీ దణ్ణాలు. మీరు రాసినవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను, సోమవారం సికింద్రాబాద్ బయల్దేరుతున్నాం. నేనూ_వినను గారూ, "ఆకలి" గుర్తు చూశాను, పాపకి చూపిస్తే నవ్వి నా చెయ్యి పట్టుకుంది. ఒక చిన్న డౌట్, మెషిన్ ఇచ్చాక పడుకునేటప్పుడు కూడా ఉంచాలా?

హియరింగ్_క్లినిక్ (ఆడియాలజిస్ట్‌ని):

వద్దండి, నిద్రకీ స్నానానికీ తీసేయండి, మిగతా మెలకువ టైమంతా ఉండాలి. రాత్రి బ్యాటరీ డోర్ తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టండి. ఆ బిళ్ల బ్యాటరీల మీద స్టిక్కర్ ఉంటుంది, అది పీకగానే గాలి తగిలి పని మొదలవుతుంది, మళ్లీ అతికించినా పూర్తిగా ఆగదు, అందుకని వాడేటప్పుడే పీకండి. పాత బ్యాటరీలు పాపకి అందకుండా ఎత్తున పెట్టండి. మింగితే చాలా ప్రమాదం. పిల్లలకి తాళం పడే బ్యాటరీ డోర్ ఉంటుంది, సెంటర్‌లో అది కావాలని అడిగి తీసుకోండి.