లై, లే: ఈ రెండు ఇంగ్లీషు క్రియల తికమక మీకెట్లా తీరింది?

అలిపిరి_టీచరమ్మ:
తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. ఏటా ఈ రెండు క్రియల దగ్గరే పాఠం ఆగిపోతుంది. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం, పెట్టడం. చిక్కంతా భూతకాలంలో ఉంది. లై–లే–లెయిన్, లే–లెయిడ్–లెయిడ్. మొదటిదాని భూతకాలమూ రెండోదాని వర్తమానమూ ఒకటే! మీరెట్లా గుర్తుపెట్టుకున్నారు?

చిత్తూరు_కోళ్లఫారం:
గుడ్ల కోళ్లను మేము లేయర్లనే అంటాం మేడమ్. కోడి ఏం పెట్టింది? గుడ్డు. "దేన్ని?" అంటే జవాబు దొరికితే లే, దొరక్కపోతే లై. ట్రేలో గుడ్డు ఊరికే ఉండాది, అది లై. మా పాపకు ఇదొకటే చెప్పినా, సరిపోయింది.

పాతమాటల_పిచ్చి:
పుట్టుక తెలిస్తే ఇంకా తేలిక. పాత ఇంగ్లీషులో లిజ్జన్ అంటే పడుకొని ఉండడం, లెజ్జన్ అంటే అట్లా ఉండేట్టు చేయడం. మన కూలు–కూల్చు, దిగు–దించు లాంటి జంట. వాళ్లకూ ఒకప్పుడు చివర ప్రత్యయం ఉండేది. అది అరిగిపోయి, లోపలి అచ్చులో తేడా మాత్రం మిగిలింది. సిట్–సెట్ కూడా అంతే. ఫాల్ అంటే పడడం, ఫెల్ అంటే చెట్టును పడగొట్టడం. నాకు బాగా నచ్చింది డ్రెంచ్. ఇప్పుడు తడిపి ముద్ద చేయడమనే అర్థంలో వాడతారు గానీ, అది డ్రింక్ నుంచి పుట్టింది, అసలర్థం తాగించడం. పశువుల డాక్టర్లు గొర్రెలకు నట్టల మందు తాగించడాన్ని ఇప్పటికీ డ్రెంచింగ్ అనే అంటారు. అబద్ధం చెప్పే లై మాత్రం వేరే ధాతువు, దీంతో చుట్టరికం లేదు.

నర్సమ్మ_తిరుపతి:
ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటా ఉండాను. అక్కడా ఇదే జంట, లీగెన్–లేగెన్. భూతకాలంలో లాగ్, లేగ్టె అని విడివిడిగా ఉంటాయి కాబట్టి తికమక లేదు. పేషెంటు మంచం మీద ఉంటే ఒక విభక్తి, మంచం మీదికి చేరిస్తే ఇంకొకటి. మన "మీద", "మీదికి" తెలిసినవాళ్లకు ఇది అలవాటైన తేడానే.

పలమనేరు_బ్యాంక్‌కోచింగ్:
అమెరికావాళ్లు పడుకోవడానికి కూడా "లే డౌన్" అంటారే, తప్పు కాదా?

పాతమాటల_పిచ్చి:
ఆ వాడుక 1300 ప్రాంతం నుంచే ఉంది తమ్ముడూ. తప్పని వ్యాకర్తలు గట్టిగా పట్టుకున్నది 18వ శతాబ్దంలో. మాట్లాడేవాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు, పరీక్షలో మాత్రం లై అనే పెట్టు. రైజ్ (లేవడం)–రెయిజ్ (లేపడం) కూడా చూసుకో, అవీ అడుగుతారు. రైజ్ ఇంగ్లీషు సొంత మాట. రెయిజ్ వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చింది. రైజ్‌కు ఇంగ్లీషులోనే పుట్టిన జంట రియర్. పిల్లల్ని, పశువుల్ని పెంచడమనే అర్థంలో ఇప్పటికీ వాడుకలో ఉంది.