‘యాక్చువల్ మాలిస్’ను ‘దురుద్దేశం’ అనవచ్చా?

శారద:
అమెరికాలో నాయకులు పత్రికల మీద వేసే పరువు నష్టం దావాల వార్తల్లో ‘యాక్చువల్ మాలిస్’ అన్న మాట తరచూ వస్తుంది. ‘పత్రిక దురుద్దేశంతో రాసిందని ఫిర్యాదుదారు రుజువు చేయాలి’ అని తెలుగులో రాస్తే సరిపోతుందా?

భాస్కరరావు:
సరిపోదండీ, అర్థమే మారిపోతుంది. 1964 మార్చి 9న న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సలివన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాటను వాడి, అక్కడే అర్థం కూడా చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ విలియం బ్రెనన్. అబద్ధమని తెలిసీ అచ్చేయడం, లేదా నిజమో అబద్ధమో ఖాతరు చేయకుండా అచ్చేయడం. ఈ రెంటిలో ఏది ఉన్నా యాక్చువల్ మాలిస్ ఉన్నట్టే. రాసినవాడికి ఆ అధికారి మీద కోపముందా, కక్ష ఉందా అన్న ప్రశ్న ఇందులో లేదు. పీకల దాకా కక్ష ఉన్నా, రాసింది నిజమని నమ్మి రాస్తే యాక్చువల్ మాలిస్ కాదు. ఏ కక్షా లేకపోయినా, అబద్ధమని తెలిసి రాస్తే అవుతుంది.

అదే ఏడాది గారిసన్ వర్సెస్ లూసియానా కేసులో కోర్టు దీన్ని ఇంకా తేటగా చెప్పింది. అధికారుల గురించి చెప్పింది నిజమే అయినా, ద్వేషంతో చెబితే శిక్షించే వీలు లూసియానా చట్టంలో ఉండేది. అది చెల్లదంది. ‘దురుద్దేశం’ అని రాస్తే, కోర్టు తోసేసిన ఆ పాత అర్థాన్నే మనం పాఠకుడి చేతిలో పెట్టినట్టు అవుతుంది.

మల్లికార్జున్:
మరి అంత తికమక పెట్టే మాట ఎందుకు ఎంచుకున్నారు?

భాస్కరరావు:
పరువు నష్టం చట్టంలో పాతుకుపోయిన మాట అది. 1908 నాటి కాన్సాస్ రాష్ట్ర తీర్పు ఒకటి బ్రెనన్‌కు ఆధారం. తికమక ఇంగ్లీషువాళ్లకూ ఉంది. అందుకే 1991లో మాసన్ కేసులో సుప్రీంకోర్టే ఒక సలహా ఇచ్చింది: జ్యూరీకి చెప్పేటప్పుడు ఆ మాట బదులు దాని అర్థాన్ని విడమరిచి చెప్పడం మేలని. అనువాదకులకూ అంతకన్నా మంచి దారి లేదు.

రుక్మిణి:
విడమరిచేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. నిర్వచనంలో ‘ఖాతరు చేయకుండా’ అన్నచోట ఇంగ్లీషులో ఉన్నది ‘రెక్‌లెస్’, దాన్ని చాలామంది ‘నిర్లక్ష్యం’ అంటారు. మన కోర్టు తెలుగులో నిర్లక్ష్యమంటే ‘నెగ్లిజెన్స్’, అంటే తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం. సలివన్ కేసులో టైమ్స్ గట్టెక్కడానికి ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ఒక ముఖ్య కారణం.

1960 మార్చి 29న టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్‌కూ పౌర హక్కుల ఉద్యమానికీ అండగా విరాళాలు కోరిన ప్రకటన అది. అందులో తప్పులున్నాయి. కింగ్‌ను ఏడుసార్లు అరెస్టు చేశారని ఉంది, అప్పటికి జరిగింది నాలుగుసార్లే. విద్యార్థులు జాతీయగీతం పాడితే మరో దేశభక్తి గీతం పాడారని రాశారు. కాలేజీ భోజనశాలకు తాళం వేశారన్నదీ నిజం కాదు. మాంట్‌గోమరీ నగర కమిషనర్ ఎల్.బి. సలివన్ పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. అయినా పోలీసు శాఖ తన కింద ఉంది కాబట్టి పోలీసుల గురించి అందులో ఉన్న మాటలు తనకే తగులుతాయని దావా వేశారు. అలబామా జ్యూరీ 5 లక్షల డాలర్లు ఇప్పించింది.

టైమ్స్ తన పాత వార్తలే తిరగేసి ఉంటే ఆ తప్పులు దొరికేవి. ప్రకటనల విభాగం ఆ పని చేయలేదు, ప్రకటనలో పేర్లున్న పెద్దల పేరు ప్రతిష్ఠలను నమ్మింది. సుప్రీంకోర్టు దీన్ని మహా అయితే నెగ్లిజెన్స్ అంది. దావా నిలవడానికి అది చాలదంది. ‘నిర్లక్ష్యంగా ప్రచురించారని రుజువైతే చాలు’ అని మనం తెలుగులో రాశామనుకోండి, మన వాక్యం ప్రకారం టైమ్స్ ఓడిపోవాలి!

1968లో సెయింట్ అమాంట్ కేసు గీత ఎక్కడుందో చూపింది. సరిచూసుకోలేదన్నది చాలదు. రాసినవాడికే ‘ఇది నిజం కాదేమో’ అన్న గట్టి అనుమానం ఉండి, అయినా అచ్చేసి ఉండాలి. 1989 నాటి హార్ట్-హ్యాంక్స్ కేసులో ఒహాయో పత్రిక ఓడిపోయింది ఇలాగే. ఆరోపణ తేల్చగల టేపు చేతికి వచ్చినా వినలేదు, కీలక సాక్షితో మాట్లాడలేదు. కావాలనే నిజం వైపు చూడలేదని కోర్టు తేల్చింది. నా ఓటు ‘బేఖాతరు’కు. అందులో తెగింపు ఉంది, ‘అజాగ్రత్త’లో అది లేదు.

శారద:
అంటే ‘దురుద్దేశం’ కనబడ్డ ప్రతిచోటా తీసేయాలా?

భాస్కరరావు:
అలా చేయకండి. మన సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన ఆర్. రాజగోపాల్ తీర్పు చూడండి. నక్కీరన్ పత్రిక కేసు. తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అధికారి విధులకు సంబంధించిన రాతలైతే, పత్రిక నిజాన్ని బేఖాతరు చేసిందని అధికారే రుజువు చేయాలన్నారు. సలివన్ ప్రభావం స్పష్టం. వెంటనే, తగినంత సరిచూసుకుని రాశామని చూపితే పత్రికకు చాలని చేర్చారు. ఆ తర్వాత, అబద్ధమని తేలి, ‘మాలిస్’తోనో వ్యక్తిగత వైరంతోనో రాసి ఉంటే పత్రికకు తప్పించుకునే దారి లేదన్నారు. అక్కడ మాలిస్ పక్కన వైరం ఉంది, కాబట్టి ‘దురుద్దేశం’ అక్కడ చక్కగా సరిపోతుంది.

మల్లికార్జున్:
ఫిర్యాదుదారు ఎవరన్నదీ వార్తలో ఉండాలి. సలివన్ నియమం మొదట ప్రభుత్వ అధికారులకే. 1967లో ప్రజా జీవితంలోని ప్రముఖులకూ వర్తింపజేశారు. మామూలు మనిషి దావా వేస్తే నష్టపరిహారానికి ఇంత బరువైన రుజువు అక్కర్లేదని 1974లో గెర్ట్జ్ కేసు చెప్పింది. శారద గారూ, మీ వాక్యం ఇలా మార్చి చూడండి: ‘ఫిర్యాదుదారు గవర్నర్ కాబట్టి, ఆ కథనం అబద్ధమని పత్రికకు ముందే తెలుసనో, నిజానిజాలను అది బేఖాతరు చేసిందనో ఆయనే రుజువు చేయాలి.’ వాక్యం పొడవైతే రెండు చేయండి. ‘తెలిసీ’, ‘బేఖాతరు’ రెండూ ఉండాలి, ఏ ఒక్కటి జారిపోయినా నియమం సగమే వస్తుంది.