కుచేలుడి భుజాన ఉన్నది ఖండమా, కంథా?

హనుమకొండ టీచర్:
పోతన భాగవతంలో కృష్ణుడు కుచేలుణ్ని చూసి పాన్పు దిగే పద్యంలో మూడో పాదం కొన్నాళ్లుగా వేధిస్తోంది. "ఘనతృష్ణాపరిచిత్తు హాస్యనిలయున్" వరకు బాగానే వస్తుంది. ఆ తర్వాత మా తాతయ్య "కంథోత్తరీయు" అని చదివేవారు. కంథ అంటే బొంతే కదా. మా కాలేజీ పిల్లలు పాతబట్టల ప్రదర్శన పెడుతున్నారు. కొత్తవి వద్దు, ఇంట్లో ఏళ్ల తరబడి కట్టి, చినిగితే కుట్టి, మళ్లీ కట్టినవే తేవాలి. ఎవరి బట్ట కింద వాళ్లే దాని కథ రాయాలి. ఒక నూలు టీషర్టుకు సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయన్న లెక్కతో మొదలుపెట్టారు గానీ, ఇప్పుడు కథల మీదే ధ్యాస. నడుమ మా అమ్మమ్మ కుట్టిన బొంత వేలాడదీస్తాం. దాని కింద ఈ పాదం రాయాలని నా కోరిక. సరైన పాఠం ఏదో చెప్పండి, చార్టు శుక్రవారానికి కావాలి.

జనగామ పద్యాభిమాని:
ఖండోత్తరీయుం. సందేహమే లేదు.

కని డాయం జనునంతఁ గృష్ణుఁడు దళత్కంజాక్షుఁ డప్పేద వి
ప్రుని నశ్రాంత దరిద్రపీడితుఁ గృశీభూతాంగు జీర్ణాంబరున్
ఘనతృష్ణాపరిచిత్తు హాస్యనిలయున్ ఖండోత్తరీయుం గుచే
లుని నల్లంతనె చూచి సంభ్రమ విలోలుండై దిగెం దల్పమున్.

నేను చూసిన అచ్చుప్రతుల్లో ఇదే ఉంది. యతి చూసుకున్నా "ఘన"కు "ఖం" చక్కగా కుదిరింది.

హనుమకొండ టీచర్:
సార్, యతి కంథకూ కుదురుతుంది. క, ఖ, గ, ఘ ఒకే వర్గం. గణమూ చెడదు, "యున్ కంథో" మగణమే (మూడూ గురువులే). పాఠం తేల్చడానికి యతి ఒక్కటే చాలదు.

మడికొండ:
యతి చాలదు సరే, సంధి ఉంది. ద్రుతం (మాట చివరి నకారం) తర్వాత పరుషానికి (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) వస్తుంది. అదే పాదం చివర "కుచేలు" కాస్తా "గుచేలు" అయింది చూడండి. కంథ అయితే పోతన "హాస్యనిలయుం గంథోత్తరీయుం" అనాలి. ఖకారం పరుషం కాదు కాబట్టి "నిలయున్ ఖండో" అని మారకుండా నిలిచింది. తాతగారు కంథ అని "క"తోనే చదివి ఉంటే ఆ పాఠం నిలవదు.

హనుమకొండ టీచర్:
"గంథ" అనే చదివేవారు సార్. ఇక్కడ అర్థం తెలియాలని విడదీసి కంథ అని రాశాను. చిన్నప్పుడు నాకది గ్రంథం అని వినిపించేది, పుస్తకాన్ని భుజాన వేసుకోవడమేమిటని అడిగితే మూలన ఉన్న బొంత చూపించారు. సరళాదేశంతో సహా చదివిన మనిషి పొరపాటున చదివారంటే నేను ఒప్పుకోలేను.

జనగామ పద్యాభిమాని:
పోతనకు ఖండ శబ్దం మీద ఎంత మోజో దశమస్కంధం మొదటి పద్యమే చెబుతుంది. "శ్రీకంఠచాప ఖండన! పాకారిప్రముఖ వినుత భండన!" ఆ వెంటనే "మండన". ఆ మోత విన్న చెవికి "ఖండోత్తరీయుం" ఆయన మాటే అని తెలిసిపోతుంది. మా పాలకుర్తి పక్కన బమ్మెరకు పోయి ఆ పొలాల నడుమ ఈ పద్యం ఒకసారి చదివి చూడండి.

ఒంటిమిట్ట వైపు:
పోతన ఊరు బమ్మెర ఒక్కటే అనకండి. భాగవతంలో వచ్చే ఏకశిలానగరం మాదీ అంటాం.

మడికొండ:
అన్నా, ఆ చర్చకు దారం (థ్రెడ్) వేరే ఉంది. ఇక్కడ ఉత్తరీయం సంగతి చూద్దాం.

కొత్తవాడ నేతింటి బిడ్డ:
ఇంతమంది మాట్లాడారు గానీ ఒక్కరూ బట్టను చూడలేదు. మాది వరంగల్ కొత్తవాడ, నేల మీద పరిచే జంపఖానాలు నేసే ఇల్లు (2018లో జీఐ, అంటే భౌగోళిక సూచిక, గుర్తింపు వచ్చినవి ఇవే). మా దగ్గర ఖండం అంటే తుండు. తుండుగుడ్డ అనే మాటలో ఉన్నది అదే. వెనుకట ధోవతి అంచున చినిగితే పారేసేవాళ్లు కాదు. బాగున్న మేరకు కత్తిరించి భుజాన వేసుకునే తుండు చేసేవాళ్లు. అదీ పలచబడితే పసిపిల్లలకు పొత్తిగుడ్డ, ఎందుకంటే వాడి వాడి మెత్తబడ్డ నూలు కొత్తబట్టలో దొరకదు. చివరికి మిగిలిన పేలికలు బొంత లోపలి పొరల్లోకి, దీపం వత్తుల్లోకి పోయేవి. ఖండోత్తరీయం అంటే చినిగి వేలాడే గుడ్డ కాదు, పెద్దబట్ట నుంచి కోసి మళ్లీ వాడుకుంటున్న పైగుడ్డ. కండువా కూడా ఈ ఖండం నుంచే వచ్చిందని నా గట్టి నమ్మకం.

మడికొండ:
తుండుగుడ్డ వరకు బాగుంది, ఒప్పుకుంటాను. కండువాకు మాత్రం ఆధారం చూపాలి. శబ్దం దగ్గరగా ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి కాదు.

సంస్కృతం చదువుకున్నవాణ్ణి, కాజీపేట:
మూలం ఎవరూ తీయలేదేం? వ్యాసభాగవతంలో ఖండం ఉన్నది ఉత్తరీయం దగ్గర కాదు, అటుకుల దగ్గర. "చైలఖండేన తాన్ బద్ధ్వా". భార్య ఇరుగుపొరుగు విప్రుల దగ్గర నాలుగు గుప్పిళ్ల అటుకులు అడిగి తెచ్చి ఒక గుడ్డముక్కలో కట్టి ఇస్తుంది. ఆ ముక్క ఎక్కడిది? ఆయన ఉత్తరీయం నుంచే చించి ఉంటుంది. అందుకే ద్వారకలో అడుగుపెట్టేసరికి ఆయన ఖండోత్తరీయుడు. పోతన ఆ ముక్కను, అది వేరైన బట్టను కలిపి చూశాడని నేను అనుకుంటున్నాను.

జనగామ పద్యాభిమాని:
ఊహ అందంగా ఉంది. కానీ ఆ గుడ్డ ఎక్కడిదో మూలం చెప్పదు. ఆమె చీరకొంగు చించి ఉండవచ్చు కదా.

సంస్కృతం చదువుకున్నవాణ్ణి, కాజీపేట:
ఆమె చీర కూడా అంతంతే. "తస్య భార్యా కుచైలస్య క్షుత్క్షామా చ తథావిధా" అన్నాడు వ్యాసుడు, ఆ చిరుగుబట్టలవాడి భార్యా ఆకలితో చిక్కి అలాగే ఉందని. ఆమెకు పేరు పెట్టలేదు, ఆయనకూ పెట్టలేదు. కుచేలుడు అంటే మాసి చినిగిన బట్ట కట్టినవాడనే కదా. మనం పేరుగా పిలుచుకుంటున్నది ఆయన బట్టల వర్ణననే.

మడికొండ:
కంథకు ఇంకో అడ్డంకి. భజగోవిందంలో "రథ్యాచర్పట విరచిత కంథః" అంటే దారిలో ఏరిన పేలికలతో కుట్టిన బొంత కట్టిన యోగి. కంథ సన్యాసి వేషం. కుచేలుడు పెళ్లాంబిడ్డలున్న గృహస్థు.

హనుమకొండ టీచర్:
సార్, బొంత లేని గృహస్థు ఇల్లు మన పల్లెల్లో ఉండేదా? పాత నూలుచీరలు పొరలుగా పరిచి, అంచులు బయటికి కనబడేలా దబ్బనంతో కుట్టేవారు. మా బొంతలో ఒక మూల అమ్మ పెళ్లినాటి చీర అంచు ఉంది, దాని పక్కనే తాతయ్య ధోవతి. ఎవరి బట్ట ఏదో ఇంట్లో అందరికీ తెలుసు. నాకు కంథ మీద అంత పట్టుదల ఎందుకంటే, జీర్ణాంబరున్ (చిరుగుబట్ట కట్టినవాణ్ని) అన్న తర్వాత ఖండ అంటే మళ్లీ చినుగే చెప్పినట్టు, ఆయన మీద జాలి ఇంకొంచెం పెరుగుతుంది, అంతే. కంథ అంటే మాత్రం దాన్ని కూర్చుని కుట్టిన ఆవిడ కూడా పద్యంలోకి వస్తుంది. మూలంలో పేరు కూడా లేని మనిషి ఆమె.

కొత్తవాడ నేతింటి బిడ్డ:
అక్కా, ఆ మాటే చార్టు మీద రాయండి. తుండు అర్థం తీసుకున్నా బట్టను వాడుకున్న కథే వస్తుంది. ప్రదర్శనకు నేనూ ఒక పాత జంపఖానా తెస్తాను, నడుమ చిరిగితే మా నాన్న మళ్లీ పోగులు ఎక్కించి నేసినది.

జనగామ పద్యాభిమాని:
పాఠం మాత్రం ఖండోత్తరీయుం అనే రాయాలి. పక్కన తాతగారి నోటి పాఠం అని విడిగా రాసుకోండి, పద్యంలో కలపవద్దు.

సంస్కృతం చదువుకున్నవాణ్ణి, కాజీపేట:
సరే గానీ, మనం దాటేసిన మాట ఒకటుంది. "హాస్యనిలయున్", నవ్వుకు నిలయమైనవాణ్ని అని. అది కుచేలుడి స్వభావమా, లేక ఆ బట్టలు చూసి నవ్విన నగరం వాళ్ల చూపా? తర్వాత అంతఃపుర స్త్రీలు "ఏమి తపంబు సేసెనొకొ" అని ఆశ్చర్యపోతారే గానీ నవ్వరు.

మడికొండ:
నవ్వినవాళ్లు దారిలోనివాళ్లు. వ్యాఖ్యానాలు చూసి రేపు రాస్తాను. నా దృష్టిలో అది "నిలయు" మీద ఆధారపడి ఉంది.