గెర్టీ కోరీ పరిశోధనను ఇంటర్ పిల్లలకు ఎలా చెప్పాలి? సాయం చేయండి

నేను బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతాను. వచ్చే వారం జీవరసాయన శాస్త్రవేత్త గెర్టీ కోరీ గురించి గంటసేపు మాట్లాడాలి. 1896లో ప్రాగ్‌లో పుట్టి, అమెరికా వెళ్లి, భర్త కార్ల్‌తో పాటు 1947లో నోబెల్ అందుకున్నారు. ఆయనతో సమానంగా పనిచేసినా, సెయింట్ లూయిస్‌లో ఆవిడకు చాలా ఏళ్లు చిన్న ఉద్యోగమే ఇచ్చారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నా చిక్కు వేరే. గ్లైకోజెన్‌ను (ఒంట్లో గ్లూకోజ్ నిల్వ ఉండే రూపం) విడగొట్టే ఫాస్ఫోరిలేజ్ ఎంజైమ్‌తోనే వాళ్లు పరీక్షనాళికలో గ్లైకోజెన్‌ను తయారు చేసి చూపించారు. కానీ మన ఒంట్లో దాన్ని కట్టేది గ్లైకోజెన్ సింథేజ్. ఆ దారిని 1957లో అర్జెంటీనాలో లెలోయిర్ అనే శాస్త్రవేత్త బృందం చూపింది. కండరాల్లో ఫాస్ఫోరిలేజ్ లేని మెకార్డిల్ వ్యాధిలో గ్లైకోజెన్ తగ్గదు సరికదా, పేరుకుపోతుంది. విడగొట్టడానికి వాడుకునే ఫాస్ఫేట్ కణంలో ఎక్కువ కాబట్టి ఆ ఎంజైమ్ విడగొట్టే వైపే నడుస్తుందని నాకు తెలుసు.

"అయితే కోరీలు చెప్పింది తప్పా సార్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆవిడ గొప్పతనం తగ్గకుండా, నిజం దాచకుండా ఏం చెప్పాలి? ఒకే ఎంజైమ్ రెండు వైపులా పనిచేయడాన్ని వివరించే తేలికైన పోలిక ఏదైనా ఉందా? బయోకెమిస్ట్రీ చెప్పేవాళ్లు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.